పై గదికి వైఫై అందట్లేదా? కొత్త రూటర్ ఆర్డర్ పెట్టేముందు ఇవి చూసుకోండి

ప్లాన్ 200 ఎంబీపీఎస్. హాల్లో సోఫా మీద కూర్చుని స్పీడ్ టెస్ట్ పెడితే 190 దాకా చూపిస్తుంది. అదే ఫోన్ పట్టుకుని మెట్లెక్కి పై గదికి వెళ్తే 10, ఒక్కోసారి 4. తలుపు వేశారంటే అదీ పోయి ఫోన్ మొబైల్ డేటాకి మారిపోతుంది.

మన దగ్గర గ్రౌండ్ ప్లస్ వన్ ఇళ్ళలో ఇది రోజూ వినే గొడవే. సినిమా ఆగి ఆగి వస్తే తిట్టుకుని ఊరుకుంటాం. కానీ ఆ పై గదిలో ఎవరుంటారో ఒకసారి ఆలోచించండి. రాత్రి షిఫ్ట్‌లో క్లయింట్ కాల్‌లో ఉన్న అన్నయ్య, కెమెరా ఆన్ పెట్టి ఆన్‌లైన్ టెస్ట్ రాస్తున్న చెల్లి, లేదంటే మూడో రౌండ్ ఇంటర్వ్యూ మధ్యలో ఉన్న మీరే. అక్కడ రెండు నిమిషాల డిస్‌కనెక్ట్ అంటే చిన్న విషయం కాదు. ఆ భయంతోనే చాలామంది రాత్రికి రాత్రి ‘లాంగ్ రేంజ్’ అని రాసి ఉన్న ఆరు యాంటెన్నాల రూటర్ ఆర్డర్ పెట్టేస్తారు. పాత రూటర్ ఉన్న మూలలోనే కొత్తది పెడతారు. పై గదిలో 4 బదులు 9 వస్తుంది. ఇంట్లో వాళ్ళకి సమాధానం చెప్పుకోలేక, తెచ్చినదాన్ని వెనక్కి ఇవ్వలేక ఇబ్బంది.

అందుకే ఈ ఆర్టికల్‌లో ‘టాప్ 5 రూటర్లు’ లిస్ట్ లేదు. ఏ ఇంటికి ఏది అవసరమో, ఏది అక్కర్లేదో మీరే తేల్చుకునేలా విషయం చెప్తాను.

లోపం ఎక్కడుందో ముందు తేల్చండి

రూటర్ ఉన్న గదిలోనే, రెండు మీటర్ల దూరంలో నిలబడి 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయి స్పీడ్ చూడండి. వీలైతే లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా పెట్టి కూడా చూడండి. ఇక్కడే ప్లాన్ స్పీడ్ రాకపోతే గోడల్ని, యాంటెన్నాల్ని అనుకోవడం దండగ. అది కనెక్షన్ సమస్య కావచ్చు, కేబుల్ కావచ్చు, రూటర్ పోర్ట్ కావచ్చు.

ఇక్కడ ఒక నంబర్ గుర్తుపెట్టుకోండి: 94, 95. మీ ప్లాన్ 200 అయినా 300 అయినా, ఎన్నిసార్లు టెస్ట్ చేసినా స్పీడ్ సరిగ్గా 94 దగ్గరే ఆగిపోతోందంటే దాదాపు ఖాయంగా మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింక్ ఉంది. తక్కువ ధర రూటర్లలో చాలావాటికి ఇప్పటికీ ఫాస్ట్ ఈథర్నెట్ పోర్టులే ఉంటాయి. బాక్స్ మీద ‘1200 ఎంబీపీఎస్’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు, వెనక ఉన్న పోర్ట్ మాత్రం 100 దాటనివ్వదు. పోర్ట్ గిగాబిట్‌దే అయినా కేబుల్‌లో ఒక తీగ తెగినా ఇదే జరుగుతుంది. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఒకటి తెగితే లింక్ కిక్కురుమనకుండా 100కి పడిపోతుంది, ఇంటర్నెట్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ముందు కేబుల్ మార్చి చూడండి. చాలా ఇళ్ళలో ‘అప్‌గ్రేడ్’ అక్కడితో అయిపోతుంది.

గేమింగ్ చేసేవాళ్ళకి ఇంకో టెస్ట్. స్పీడ్ వదిలేయండి, రూటర్ అడ్రస్‌కి పింగ్ చేయండి. మామూలుగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. మీ గదిలో కూర్చుని రూటర్‌కి చేసే పింగే 5 మిల్లీసెకన్ల నుంచి 150కి, మళ్ళీ కిందికి ఎగురుతోందంటే తప్పు గేమ్ సర్వర్‌ది కాదు, మీ ఇంటి వైఫైదే. రూటర్ పింగ్ నిలకడగా ఉండి బయటికి వెళ్ళే పింగ్ మాత్రమే ఎగురుతుంటే ఎంత ఖరీదైన రూటర్ తెచ్చినా ఏమీ మారదు, కనెక్షన్ ఇచ్చినవాళ్ళకే ఫోన్ చేయాలి.

గీతలు చూడకండి, డీబీఎం చూడండి

ఫోన్ మీద కనిపించే వైఫై గీతలకి అన్ని కంపెనీలకీ ఒకే కొలత లేదు. ఒక ఫోన్‌లో మూడు గీతలు ఇంకో ఫోన్‌లో రెండు. అసలు కొలత డీబీఎం. ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ లాంటి ఫ్రీ యాప్ వేసుకుంటే కనిపిస్తుంది. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని పైన వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అని వస్తుంది. ఐఫోన్ మామూలు యాప్‌లకి ఈ వివరాలు ఇవ్వదు. అందులో యాపిల్ వాళ్ళదే ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ వేసుకుని, సెట్టింగ్స్‌లో వైఫై స్కానర్ ఆన్ చేయాలి.

ఈ సంఖ్య మైనస్‌లో ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 65 వరకు వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 70 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, మైనస్ 80 అంటే కనెక్ట్ అయినట్టు కనిపిస్తుంది కానీ పని జరగదు. ఇది మామూలు స్కేలు కాదు, 3 తగ్గితే పవర్ సగం అయినట్టు, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు. మైనస్ 60కి, మైనస్ 80కి మధ్య తేడా అంత.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. కాగితం మీద ఇంటి ప్లాన్ గీసి, మీరు నిజంగా కూర్చునే ఐదారు చోట్ల 2.4లో ఎంత, 5లో ఎంత అని రాసుకోండి. బాల్కనీలో ఎంత వస్తోందో అక్కర్లేదు, మంచం దగ్గర, టేబుల్ దగ్గర, టీవీ దగ్గర చాలు. తర్వాత తలుపు వేసి ఒకసారి, తీసి ఒకసారి కొలవండి. గోడకి ఇవతల, అవతల కొలవండి. మీ ఇంట్లో ఏ గోడ ఎంత మింగుతోందో పదిహేను నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి, కొత్తది కొన్నాక దీనితోనే పోల్చాలి.

మన ఇళ్ళ సంగతి వేరు

యూట్యూబ్‌లో అమెరికా రివ్యూయర్ ఒక్క రూటర్‌తో రెండంతస్తుల ఇల్లంతా కవర్ చేసి చూపిస్తాడు. అక్కడ చాలా ఇళ్ళు చెక్క ఫ్రేములు, జిప్సమ్ బోర్డు గోడలతో కట్టినవి. వైఫైకి అవి అట్టపెట్టెల్లాంటివి. మనవి ఇటుక గోడలు, సిమెంట్ పూత, మధ్యలో కాంక్రీట్ పిల్లర్లు, పైన ఇనుప చువ్వల జాలీ మీద పోసిన స్లాబ్. ‘3000 చదరపు అడుగుల కవరేజ్’ అనే బాక్స్ మీద మాట మన స్లాబ్‌కి వర్తించదు. ఇది కంపెనీలు అబద్ధం ఆడుతున్నాయని కాదు గానీ, ఎలాంటి ఇంట్లో అనేది మాత్రం చెప్పరు.

5 గిగాహెర్ట్జ్‌కి ఈ బాధ ఎక్కువ. అడ్డేమీ లేని ఖాళీ స్థలంలోనే అదే దూరంలో 2.4 కంటే దాదాపు 7 డీబీ తక్కువగా అందుతుంది, అంటే ఇంచుమించు ఐదో వంతు. గోడలు పడితే తేడా ఇంకా పెరుగుతుంది. (పాత రూటర్లలో ఈ నెట్‌వర్క్ పేరు చివర ‘5జీ’ అని కనిపిస్తుంది. మొబైల్ 5జీకి, దీనికి ఏ సంబంధమూ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ‘మనకి 5జీ వచ్చిందిగా’ అంటే ఓపిగ్గా చెప్పండి.)

గోడలు సరే, వాటి ముందు మనం పెట్టే సామాన్లు ఇంకా ఘోరం. ఇనుప బీరువా వైఫైకి పూర్తిగా అడ్డుగోడ. నిలువుటద్దం వెనక ఉన్న లోహపు పూత సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది. ఫ్రిజ్, నీళ్ళ ట్యాంక్, అక్వేరియం, అన్నీ అంతే. నీరు 2.4 గిగాహెర్ట్జ్‌ని బాగా పీల్చుకుంటుంది. రూటర్ అందంగా లేదని టీవీ వెనక దాచేవాళ్ళు, టీవీ యూనిట్ చెక్క తలుపుల లోపల పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. టీవీ వెనక భాగమంతా లోహపు రేకే.

చాలా ఇళ్ళలో అసలు తప్పు కనెక్షన్ పెట్టిన రోజే జరుగుతుంది. ఫైబర్ వీధి వైపు నుంచి వస్తుంది. టెక్నీషియన్ కిటికీ పక్కన ఒక రంధ్రం వేసి, అక్కడే గోడకి ఓఎన్‌టీ బిగించి వెళ్ళిపోతాడు. ఓఎన్‌టీ అంటే ఆ ఫైబర్ వచ్చి చేరే బాక్స్, చాలా కంపెనీల్లో రూటర్ కూడా అందులోనే ఉంటుంది. అంటే సగం సిగ్నల్ వీధికి, ఎదురింటికి పోతోంది. మిగతా సగం మూడు గోడలు దాటి మీ గదికి రావాలి.

మొదటి అప్‌గ్రేడ్: బాక్స్‌ని జరపడం

ఇంటి లోపలికి వచ్చే ఫైబర్ తీగ చాలా సన్నం. ఇంకో పది, పదిహేను మీటర్లు పొడిగించి మధ్య హాల్లోకో, మెట్ల దగ్గరికో తీసుకురావడం టెక్నీషియన్‌కి అరగంట పని. మామూలుగా తీసుకునేది కొంచెం సర్వీస్ చార్జ్, తీగ ఖర్చు. కొత్త రూటర్ ధరతో పోలిస్తే అది ఏమూలకి? మీరే మేకులు కొట్టి లాగేయకండి. లోపలిది గాజు పోగు. తలుపు సందులో నలిగినా, మూల దగ్గర గట్టిగా మడిచినా వెలుతురు పోతుంది, ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైట్ వెలుగుతుంది. మళ్ళీ అతనే రావాలి.

ఎక్కడ పెట్టాలి అంటే, డ్యూప్లెక్స్ ఇళ్ళలో నా ఓటు మెట్ల మలుపుకే. స్లాబ్‌కి ఉన్న ఒకే ఒక్క పెద్ద రంధ్రం మెట్ల దారి. సిగ్నల్ స్లాబ్‌ని చీల్చుకుని పైకి రావడం కంటే ఆ దారిలో రావడం తేలిక. ఛాతీ ఎత్తు నుంచి తల పైదాకా, చుట్టూ కాస్త ఖాళీ ఉండేలా పెట్టండి.

యాంటెన్నాలు నిటారుగా నిలబెడితే సిగ్నల్ గారె ఆకారంలో నలువైపులా అడ్డంగా పరుచుకుంటుంది. నడినెత్తి మీదికి, సరిగ్గా కిందికి బాగా తక్కువ. రూటర్‌కి సరిగ్గా పైన ఉన్న గదికి అందాలంటే ఒక యాంటెన్నాని అడ్డంగా పడుకోబెట్టి చూడండి. తేడా ప్రతి ఇంట్లో రాదు, కానీ ఖర్చు సున్నా.

రూటర్ మార్చాల్సింది ఎప్పుడు

జరిపి చూశారు, కేబుల్ మార్చారు. ఇంకా బాగాలేదు. ఇప్పుడు రూటర్ గురించి మాట్లాడుకోవచ్చు.

మీ ఓఎన్‌టీ లేదా రూటర్ 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇచ్చే సింగిల్ బ్యాండ్ అయితే రెండో ఆలోచన వద్దు, మార్చండి. అపార్ట్‌మెంట్లలో ఇది మరీ ముఖ్యం. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానెళ్ళు మూడే: 1, 6, 11. యాప్ తెరిచి చూస్తే చుట్టూ పాతిక నెట్‌వర్క్‌లు ఆ మూడింటి మీదే కుమ్ములాడుకుంటూ కనిపిస్తాయి. దానికి తోడు బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే. అక్కడ మీ సిగ్నల్ మైనస్ 50 ఉన్నా స్పీడ్ రాదు, ఎందుకంటే వంతు వచ్చేసరికి ఆలస్యం. సిగ్నల్ బలంగా ఉండటం వేరు, గాలి ఖాళీగా ఉండటం వేరు.

బాక్స్ మీద ఏఎక్స్3000, ఏసీ1200 అని రాసే నంబర్లు ఎలా వస్తాయో చెప్తాను. ఏసీ1200 అంటే 2.4లో 300, 5లో 867, రెండూ కలిపి పైకి గుండ్రం చేశారు. ఏఎక్స్3000 అంటే 574, 2402 కలిపితే. ఒక ఫోన్ ఒకసారికి మామూలుగా ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం ఎవరికీ రాదు. పైగా 2402 రావాలంటే చానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉండాలి, ఫోన్ కూడా దానికి సపోర్ట్ చేయాలి. 80 మెగాహెర్ట్జ్‌లో రెండు యాంటెన్నాల వైఫై 6 ఫోన్‌కి లింక్ స్పీడ్ 1201. అందులో నిజంగా చేతికి వచ్చేది సగానికి కాస్త అటూ ఇటూ. అది కూడా అదే గదిలో ఉంటే. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి ఇది ఎక్కువే.

వైఫై 5 నుంచి వైఫై 6కి మారితే గోడలు దాటే శక్తి రెట్టింపు అవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ట్రాన్స్‌మిట్ పవర్‌కి ప్రభుత్వ పరిమితి ఉంటుంది, అది అన్ని తరాలకీ ఒకటే. వైఫై 6 లాభం ఇంకోచోట ఉంది. ఇంట్లో పదిహేను, ఇరవై డివైజ్‌లు (ఫోన్లు, టీవీలు, సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు) ఉన్నప్పుడు వాటన్నిటికీ వంతులు పంచడం బాగా చేస్తుంది. ఇంకోటి చాలామంది చెప్పరు: వైఫై 5 అనేది 5 గిగాహెర్ట్జ్‌కి మాత్రమే ఉన్న స్టాండర్డ్. మీ ఏసీ1200 రూటర్‌లోని 2.4 బ్యాండ్ 2009 నాటి వైఫై 4 టెక్నాలజీయే. వైఫై 6లో 2.4 కూడా కొత్తదవుతుంది. 20 మెగాహెర్ట్జ్‌లో రెండు యాంటెన్నాలకి 144 ఉన్న లింక్ స్పీడ్ 287కి వస్తుంది. 5 అందక 2.4 మీద బతికే వెనక గదికి ఇది పనికొచ్చే మార్పు.

అసలు ‘లాంగ్ రేంజ్’ మాటకి ఇంకో చిక్కు ఉంది. రూటర్ గట్టిగా అరిచి ఫోన్‌కి వినిపించినా, ఫోన్ తిరిగి చెప్పేది రూటర్‌కి వినపడాలి కదా. ఫోన్‌కి చిన్న యాంటెన్నా, చిన్న బ్యాటరీ. అందుకే పెద్ద రూటర్ పెట్టాక గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో కాల్‌లో మాత్రం మీ మాట అవతలివాళ్ళకి ముక్కలుగా పోతుంది. డౌన్‌లోడ్ ఒక్కటే చూసి సంతోషపడకుండా దూరపు గదిలో అప్‌లోడ్ కూడా కొలవండి.

కాబట్టి 2 బీహెచ్‌కే ఫ్లాట్, 900 నుంచి 1200 అడుగులు, రూటర్ మధ్యలో పెట్టగలిగితే: గిగాబిట్ పోర్టులున్న ఒక వైఫై 6 డ్యూయల్ బ్యాండ్ రూటర్ చాలు. ఏఎక్స్1500 రకమైనా సరిపోతుంది. దానికి మించి ఖర్చు పెట్టడం షోకే.

రిపీటర్ ఎందుకు వద్దంటున్నానంటే

ప్లగ్‌లో గుచ్చే చిన్న రిపీటర్లు వెయ్యి, పదిహేను వందలకి దొరుకుతాయి. టెంప్టింగ్‌గానే ఉంటాయి. అవి చేసేది, విన్న ప్రతి మాటనీ అదే చానెల్ మీద మళ్ళీ చెప్పడం. ఒకే బ్యాండ్‌లో వినడం, చెప్పడం రెండూ చేయాలి కాబట్టి స్పీడ్ కనీసం సగం పోతుంది. ఇక జనం దాన్ని పెట్టేది సిగ్నల్ అస్సలు లేని గదిలో. దానికే మైనస్ 80 అందుతుంటే అది మీకు ఇచ్చేదేంటి? ఫోన్‌లో గీతలు నిండుగా, నెట్ మాత్రం సున్నా.

ఒక సీసీ కెమెరాకో, వంటింట్లో పాటలకో అయితే రిపీటర్ ఓకే. కాల్స్‌కి, గేమింగ్‌కి వద్దు.

మెష్, అంతకంటే ముందు కేబుల్

రెండంతస్తుల ఇంటికి ఒక్క రూటర్ చాలదు. ఎంత పెద్దదైనా చాలదు. పైన ఇంకో బాక్స్ ఉండాల్సిందే. మిగిలిన ప్రశ్న ఒకటే: కింది బాక్స్ నుంచి పై బాక్స్‌కి డేటా ఎలా వెళ్తుంది? దీన్నే బ్యాక్‌హాల్ అంటారు. గాలిలో పంపొచ్చు, తీగలో పంపొచ్చు.

గాలిలో పంపే మెష్ పెట్టడం తేలిక. పది నిమిషాల పని, యాప్‌లో నాలుగు ట్యాప్‌లు. కానీ డ్యూయల్ బ్యాండ్ మెష్‌లో ఆ బ్యాక్‌హాల్‌కి, మీ ఫోన్‌కి ఒకటే 5 గిగాహెర్ట్జ్ రేడియో. అంటే రిపీటర్ కథే, కాస్త తెలివిగా. ట్రై బ్యాండ్ మెష్‌లో బ్యాక్‌హాల్‌కి విడి రేడియో ఉంటుంది కానీ ధర బాగా పెరుగుతుంది. ఏది కొన్నా రెండో నోడ్‌ని సమస్య ఉన్న గదిలో పెట్టకండి. దానికి మొదటి నోడ్ నుంచి మైనస్ 65 లోపు అందే చోట, అంటే ఇంచుమించు సగం దూరంలో పెట్టాలి. మళ్ళీ మెట్ల మలుపే గుర్తొస్తోంది.

తీగలో పంపితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. క్యాట్ 6 కేబుల్ కింద నుంచి పైకి ఒక్కటి లాగారంటే స్లాబ్ సమస్య పూర్తిగా పోయినట్టే. కేబుల్ 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోస్తుంది, మన ఇంటికి 25 మీటర్లు చాలు. మీటరు లెక్కన కొని, రెండు వైపులా కనెక్టర్లు క్రింప్ చేయించుకున్నా వెయ్యి రూపాయల ప్రాంతంలో అయిపోతుంది. సీసీ కెమెరాలు బిగించే అబ్బాయిలు ఈ పని బాగా చేస్తారు. అదే పదివేల ట్రై బ్యాండ్ మెష్ చేయలేనిది ఈ తీగ చేస్తుంది. ఈ మొత్తం ఆర్టికల్‌లో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి.

కేబుల్ కొనేటప్పుడు ‘సీసీఏ’ అని ఉందేమో చూడండి. అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. చవక, కానీ తొందరగా విరుగుతుంది, దూరం పెరిగితే నమ్మకం లేదు. పూర్తి రాగి అడగండి. బయటి గోడ మీదుగా తీసుకెళ్ళాల్సి వస్తే ఎండకి తట్టుకునే అవుట్‌డోర్ కేబుల్ తీసుకుని పైపులో వేయించండి. మన మే నెల ఎండకి మామూలు తొడుగు రెండేళ్ళలో పెళుసెక్కిపోతుంది. ఇంకో జాగ్రత్త: ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు దగ్గర్లో పిడుగు పడితే బయట సాగిన రాగి కేబుల్ ద్వారా సర్జ్ వచ్చి రెండు వైపులా పోర్టులు కాలిపోవచ్చు. కుదిరితే లోపల మెట్ల పక్కనుంచే తీసుకెళ్ళండి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళయితే ఎలక్ట్రీషియన్‌కి ఇప్పుడే చెప్పి ప్రతి గదికీ నెట్ కోసం విడిగా ఒక ఖాళీ పైపు వేయించుకోండి. కరెంటు తీగలున్న పైపులోనే దూర్చొద్దు.

కేబుల్ పైకి వచ్చాక మెష్ కొనాలనే రూలూ లేదు. అటక మీద పడేసిన పాత డ్యూయల్ బ్యాండ్ రూటర్ దించి, సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, కింది దానికి ఇచ్చిన పేరూ పాస్‌వర్డే దీనికీ ఇవ్వండి. ఫోన్ రెండింటి మధ్య మారుతుంది. మారేటప్పుడు ఒక క్షణం ఆగొచ్చు, అంతే. నడుస్తూ కాల్స్ మాట్లాడేవాళ్ళకి ఆ క్షణం కూడా ఇబ్బంది అనుకుంటే అప్పుడు మెష్ తీసుకోండి. అందులో 802.11కే, వీ, ఆర్ అనే ఫీచర్లు ఉంటే ఫోన్‌ని ఒక నోడ్ నుంచి ఇంకో దానికి నున్నగా దాటిస్తాయి. మెష్ కొనేముందు నోడ్ వెనక ఈథర్నెట్ పోర్ట్ ఉందా, వైర్డ్ బ్యాక్‌హాల్ సపోర్ట్ ఉందా అని తప్పకుండా చూడండి. ఈజీమెష్ అనేది వైఫై అలయన్స్ వాళ్ళ ఉమ్మడి స్టాండర్డ్. డెకో, ఏఐమెష్ లాంటివి ఆయా కంపెనీల సొంత సిస్టమ్స్, ఒకదాని నోడ్ ఇంకోదానితో కలవకపోవచ్చు.

ఇంట్లో కరెంటు తీగల మీదే డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా ఉన్నాయి. రెండు ప్లగ్‌లు వేరు వేరు ఫేజ్‌ల మీద ఉంటే, మధ్యలో ఇన్వర్టర్ లైన్ ఉంటే వాటి పని అయిపోయినట్టే. వేరే దారి లేనప్పుడు, వెనక్కి ఇచ్చే వీలుంటేనే ప్రయత్నించండి.

సెట్టింగ్స్‌లో ఐదు నిమిషాలు

కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీకి మీ సొంత రూటర్ తగిలించినప్పుడు రెండూ రూటర్లుగానే పనిచేస్తే డబుల్ నాట్ అవుతుంది. బ్రౌజింగ్‌కి తెలియదు, గేమింగ్‌లో నాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తుంది, ఒకే ఇంట్లో టీవీకి ఫోన్ కాస్ట్ కాదు. మీ రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, లేదా ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చమని కస్టమర్ కేర్‌ని అడగండి. అందరూ ఒప్పుకోరు. మొదటి దారి ఎలాగూ ఉంది. తర్వాత ఓఎన్‌టీలోని వైఫైని ఆఫ్ చేయండి. లేకపోతే మీ ఫోన్ అలవాటు కొద్దీ ఆ పాత సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది.

2.4లో చానెల్ వెడల్పు 20కి, చానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి ఫిక్స్ చేయండి. 5లో 80 పెట్టి, చానెల్ 36 ఒకసారి, 149 ఒకసారి పెట్టి దూరపు గదిలో కొలవండి, ఎక్కువ వచ్చింది ఉంచుకోండి. 160 పెడితే మధ్యలో రాడార్లతో పంచుకునే చానెళ్ళు వస్తాయి. రాడార్ వినిపించిందని అనుమానం వస్తే రూటర్ ఆ చానెల్ వదిలి వెళ్ళిపోవాలి. కాల్ మధ్యలో వైఫై మాయమై తిరిగి రావడానికి అదీ ఒక కారణం. దూరపు గదికి 80 మెరుగు.

లాప్‌టాప్‌ని మర్చిపోకండి

ఫోన్‌లో 180 వస్తోంది, పక్కనే ఉన్న పాత లాప్‌టాప్‌లో 30. ఇలాంటప్పుడు రూటర్ మార్చి లాభం లేదు, లాప్‌టాప్‌లోని వైఫై కార్డే పాతది. ఒకే యాంటెన్నా, 2.4 మాత్రమే ఉన్న కార్డులు బడ్జెట్ లాప్‌టాప్‌లలో చాలా ఉన్నాయి. కార్డు ఎం.2 స్లాట్‌లో ఉంటే మార్చుకోవచ్చు. ఇంటెల్ ఏఎక్స్210 అయితే ఇంటెల్, ఏఎండీ రెండు ప్రాసెసర్లతోనూ పనిచేస్తుంది. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం సరైన ఇంటెల్ ప్రాసెసర్ ఉంటేనే. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, జాగ్రత్త. కొన్ని మోడళ్ళలో కార్డు బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, అప్పుడు యూఎస్‌బీ అడాప్టర్ తప్ప దారి లేదు. టీవీని, డెస్క్‌టాప్‌ని అయితే అసలు వైఫై మీద ఎందుకు పెట్టాలి? కదలని ప్రతిదానికీ కేబుల్ పెట్టేస్తే కదిలేవాటికి గాలి మిగులుతుంది.

వైఫై 7 కొనాలా?

వైఫై 7 సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. దాని అసలు బలం 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్, 320 మెగాహెర్ట్జ్ చానెళ్ళు. మన దేశంలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు కేంద్రం 2025 మేలో డ్రాఫ్ట్ రూల్స్ ఇచ్చింది. అంతకుముందు నుంచే ఇక్కడ అమ్ముతున్న వైఫై 7 రూటర్లలో చాలావాటిలో 6 గిగాహెర్ట్జ్ రేడియోనే లేదు, డ్యూయల్ బ్యాండ్ మాత్రమే. పేరు చూసి కాదు, స్పెసిఫికేషన్ల పేజీలో ఇండియా మోడల్‌కి ఏ బ్యాండ్లు ఇచ్చారో చదివి కొనండి. ఇంకో విషయం, 6 గిగాహెర్ట్జ్ గోడల దగ్గర 5 కంటే ఇంకా బలహీనం. వెనక గదికి సిగ్నల్ అందట్లేదని వైఫై 7 కొంటే ఆ సమస్య అలాగే ఉంటుంది.

కరెంటు పోతే?

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కూడా మారేటప్పుడు ఒక్క క్షణం ఆగి రూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఓఎన్‌టీ మళ్ళీ లేచి కనెక్ట్ అయ్యేసరికి రెండు, మూడు నిమిషాలు. ఇంటర్వ్యూలో అది చాలా పొడవు. రూటర్ల కోసమే 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు వస్తున్నాయి. మీ అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్, ఆంపియర్లు చూసి అంతకు తగ్గకుండా తీసుకోండి. వోల్టేజ్ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువైనా పర్లేదు. మెష్ పెడితే పై నోడ్‌కి ఇంకోటి కావాలి, ఓఎన్‌టీ, రూటర్ విడివిడిగా ఉంటే రెండు అవుట్‌పుట్లున్నది చూడండి.

కొన్నది ఏదైనా రిటర్న్ గడువు ఎన్ని రోజులో ఆర్డర్ పెట్టేముందే చూసుకోండి. బాక్స్, లోపలి అట్టలు, ట్విస్ట్ టైలు కూడా దాచండి. వచ్చిన రోజే బిగించి, మొదట గీసుకున్న ఆ కాగితం తీసి అవే ఐదారు చోట్ల, అదే ఫోన్‌తో, సాయంత్రం చుట్టుపక్కల అందరూ ఇంట్లో ఉండే టైమ్‌లో మళ్ళీ కొలవండి. మీ టేబుల్ దగ్గర మైనస్ 65 లోపలికి రాకపోతే ఇంకో చోట పెట్టి చూడండి, అక్కడా రాకపోతే వెనక్కి పంపేయండి.